కార్డులు తిప్పితే భాష వస్తుందా? ఇటాలియన్ మాటలు, ఫ్లాష్ కార్డు యాప్‌లు, వాటి వెనకున్న లెక్క

మా మేనకోడలు చదువుకోవడానికి ఇటలీలోని పాదొవా వెళ్లి వారం తిరక్కుండానే ఫోన్ చేసింది. "900 కార్డులు పూర్తిచేసి వచ్చాను మామయ్యా. పొద్దున కాఫీ కొట్లో ఆవిడ 'ఆల్త్రో?' అంది. నాకు ఏం చెప్పాలో తోచలేదు" అంది. ఆల్త్రో అన్న మాట తన కార్డుల్లో ఉంది. ఒకవైపు ఆల్త్రో, రెండోవైపు ఇంగ్లీషులో 'అదర్'. ఆ కార్డు వచ్చినప్పుడల్లా తడుముకోకుండా చెప్పేది కూడా. కానీ ఇటలీలో కౌంటర్ వెనకున్న మనిషి 'ఆల్త్రో?' అంటే 'ఇంకేమైనా కావాలా?' అని. మన కిరాణా కొట్లో సరుకు పొట్లం కట్టిస్తూ 'ఇంకా?' అంటారే, అచ్చం అదే.

తెలిసిన మాట ఎదురుగా వచ్చి నిలబడితే గుర్తుపట్టలేకపోవడం ఈ పద్ధతిలో చదివే చాలామందికి అనుభవమే. కొందరు దాంతో కార్డులే దండగ అనేస్తారు. ఇంకొందరు రోజుకు ఇంకో 50 పెంచుతారు. ఈ రెంటిలో ఏది సరైందో తేల్చాలంటే, ముందు ఆ యాప్ లోపల ఏం జరుగుతోందో, అది చేసే పనేమిటో, మనకు వదిలేసే పనేమిటో విడదీసి చూడాలి.

ఇటాలియన్ అవసరం మనవాళ్లకు ఊరికే రాలేదు. మిలాన్, తొరీనో, బొలోన్యా, పాదొవాల్లోని విశ్వవిద్యాలయాల్లో చాలా కోర్సులు ఇంగ్లీషులోనే నడుస్తాయి. కానీ గది అద్దెకు అడగాలన్నా, నివాస అనుమతి కోసం పోలీసు కార్యాలయానికి వెళ్లాలన్నా, సంతలో టమాటాలు కొనాలన్నా ఇటాలియనే దిక్కు. అక్కడే స్థిరపడాలనుకుంటే దీర్ఘకాలిక నివాస అనుమతికి, యూరప్ భాషా కొలమానంలో రెండో మెట్టైన ఏ2 స్థాయి ఇటాలియన్ చూపించాలి. పౌరసత్వానికి దాని పై మెట్టైన బీ1 కావాలని 2018లో చట్టం చేశారు. అందుకే వీసా రాకముందే చాలామంది ఫోన్‌లో కార్డులు తిప్పడం మొదలుపెడుతున్నారు.

ఒక్క మాట: ఇటాలియన్ పదాల్ని ఇక్కడ తెలుగు లిపిలోనే రాస్తున్నాను. కార్డు మీద మాత్రం వాళ్ల స్పెల్లింగే ఉండాలి.

వల్లె వేయడం వేరు, అప్పజెప్పడం వేరు

ఫ్లాష్ కార్డు చాలా చిన్న వస్తువు. ముందువైపు ప్రశ్న, వెనకవైపు జవాబు. ప్రశ్న చూసి, జవాబు మనసులో అనుకుని, ఆ తర్వాతే తిప్పి సరిచూసుకోవాలి. అట్టముక్క బదులు ఫోన్ తెర వచ్చింది కాబట్టి డిజిటల్ అంటున్నాం.

దీని గుట్టు మన బడి భాషలోనే ఉంది. పుస్తకం ముందు పెట్టుకుని పదే పదే చదవడాన్ని వల్లె వేయడం అంటాం. పుస్తకం మూసేసి పంతులుగారి ముందు నిలబడి చెప్పడాన్ని అప్పజెప్పడం అంటాం. పదహారో ఎక్కం వల్లె వేసేటప్పుడు అంతా వచ్చినట్టే ఉంటుంది. అప్పజెప్పేటప్పుడు పదహారు ఏడుల దగ్గర గొంతు ఆగుతుంది. ఆగి, వెతుక్కుని, బయటకు లాగిన ఆ క్షణంలోనే అది మనదవుతుంది.

దీన్ని కొలిచినవాళ్లున్నారు. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు జెఫ్రీ కార్పికే, హెన్రీ రోడిగర్ 2008లో 'సైన్స్' పత్రికలో ఒక ప్రయోగం ప్రకటించారు. విద్యార్థులకు 40 స్వాహిలి మాటలు, వాటి ఇంగ్లీషు అర్థాలు ఇచ్చారు. ఒక మాటను ఒకసారి సరిగ్గా చెప్పాక కూడా కొందరి చేత మళ్లీ మళ్లీ అప్పజెప్పించారు. మరికొందరు ఆ మాటను చదవడం కొనసాగించారు గానీ, అప్పజెప్పే పని లేదు. వారం తర్వాత చూస్తే, అప్పజెప్పినవాళ్లకు దాదాపు 80 శాతం గుర్తున్నాయి. చదువుతూ పోయినవాళ్లకు మూడో వంతుకు కాస్త పైన. ఇందులో నన్ను బాగా ఆలోచింపజేసిన సంగతి మరొకటి ఉంది. వారం తర్వాత ఎన్ని గుర్తుంటాయనుకుంటున్నారని ముందే అడిగితే, అన్ని గుంపులవాళ్లూ సుమారు సగం అన్నారు. అంటే మనకు ఎంత వచ్చిందో చెప్పడంలో మన మనసు నమ్మదగ్గ సాక్షి కాదు.

ఫోన్‌లో కార్డు తిప్పడం ఎంత సులువంటే, జవాబు మనసులోకి రాకముందే వేలు తెరను తాకేస్తుంది. జవాబు కనబడగానే 'ఆ, ఇది నాకు తెలుసు' అనిపించి 'వచ్చింది' నొక్కేస్తాం. అప్పుడు చేసింది వల్లెవేతే. అప్పజెప్పినట్టు యాప్ రాసుకుంటుంది, అంతే.

మరుపును లెక్కగట్టిన యంత్రం

రెండో మాట: ఎడం ఇచ్చి తిరగేయడం. నేర్చుకున్నదాన్ని ఒకేరోజు ఇరవైసార్లు కాకుండా, రోజులు గడిచేకొద్దీ ఎడం పెంచుకుంటూ చూడటం.

జర్మనీకి చెందిన హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ 1885లో ప్రచురించిన ప్రయోగాల్లో తనమీద తనే పరీక్ష చేసుకున్నాడు. అర్థంలేని అక్షరాల గుంపుల్ని కంఠస్థం చేసి, కొంత వ్యవధి తర్వాత వాటిని మళ్లీ నేర్చుకోవడానికి ఎంత శ్రమ తగ్గిందో కొలిచాడు. 20 నిమిషాల తర్వాత 58 శాతం శ్రమ ఆదా అయింది. ఒక రోజు తర్వాత 34 శాతం. నెల తర్వాత 21. మరుపు మొదట్లో జారుడుబల్లలా దిగి, తర్వాత నెమ్మదిస్తుందన్నమాట. అర్థమున్న మాటలు ఇంత వేగంగా జారవు గానీ, జారే తీరు మాత్రం అదే.

1972లో సెబాస్టియన్ లైట్నర్ దీనికి ఒక అట్టపెట్టె ఉపాయం చెప్పాడు. పెట్టెలో అరలు ఉంటాయి. సరిగ్గా చెప్పిన కార్డు వెనక అరలోకి వెళ్తుంది, అక్కడ దాన్ని అరుదుగా చూస్తాం. తప్పితే మళ్లీ మొదటి అరకు వస్తుంది. పోలండ్‌లో చదువుకుంటున్న పియోత్ర్ వోజ్నియాక్ 1987లో దీన్ని కంప్యూటర్ లెక్కగా మార్చాడు. సూపర్‌మెమో అన్న ఆ ప్రోగ్రాంలోని ఎస్ఎం-2 సూత్రం తర్వాత ఎన్నో యాప్‌లకు తల్లివేరు అయింది. 2006లో డామియన్ ఎల్మ్స్ తీసుకొచ్చిన ఆంకీ కూడా ఆ వేరు నుంచే మొలిచింది. జపనీస్‌లో ఆంకీ అంటే కంఠస్థం చేయడం.

లెక్క కళ్లారా చూద్దాం. కార్డు మీద 'లా కియావే', వెనక 'తాళంచెవి'. ఈరోజు నేర్చుకున్నాం. ఎస్ఎం-2 ప్రకారం మొదటి విరామం 1 రోజు, రెండోది 6 రోజులు. ఆ తర్వాత ప్రతిసారీ ముందటి విరామాన్ని 2.5తో గుణించి, భిన్నం వస్తే పై అంకెకు సవరిస్తుంది. అంటే 15, 38, 95. కాబట్టి ఈ కార్డు 1వ రోజు, 7వ రోజు, 22వ రోజు, 60వ రోజు, 155వ రోజు కనబడుతుంది. ఐదు నెలల్లో ఐదేసార్లు. మధ్యలో తప్పితే విరామం మళ్లీ 1 రోజుకు పడిపోతుంది. మనం కష్టపడి గుర్తుచేసుకున్న కార్డుకు 2.5 అన్న ఆ గుణకం తగ్గుతూ వస్తుంది, 1.3 కంటే మాత్రం కిందికి పోదు. సులువైనవి దూరం జరుగుతాయి, మొండివి దగ్గరే ఉంటాయి.

2023 నుంచి ఆంకీలో ఎఫ్ఎస్ఆర్ఎస్ అనే కొత్త లెక్క కూడా చేరింది. అందరికీ ఒకే గుణకం వాడకుండా, మన పాత జవాబుల చిట్టాను చూసి ప్రతి కార్డుకూ మూడు విషయాలు అంచనా వేస్తుంది: ఆ మాట ఎంత కష్టం, మనసులో ఎంత గట్టిగా నాటుకుంది, ఈ క్షణంలో అడిగితే గుర్తొచ్చే అవకాశమెంత. ఆ అవకాశం మనం కోరుకున్న మట్టానికి, మామూలుగా 90 శాతానికి, దిగేసరికి కార్డును ముందుకు తెస్తుంది. అంటే పదింట్లో ఒకటి తప్పడం ఈ పద్ధతిలో ముందే ఒప్పుకున్న సంగతి. దాన్ని 97కు పెంచుకుంటే తప్పులు తగ్గుతాయి గానీ, రోజూ చూడాల్సిన కార్డులు విపరీతంగా పెరుగుతాయి.

ఎడం పెంచుకుంటూ పోవడమే మేలా అన్నది ఇంకా తెగని వాదన. సమానమైన విరామాలతో చదివినా దీర్ఘకాలంలో అంతే ఫలితం వస్తుందనీ, కొన్నిసార్లు ఇంకా మెరుగ్గా ఉంటుందనీ చూపిన ప్రయోగాలున్నాయి. మొత్తంమీద ఎంత ఎడం ఇచ్చామన్నదే ముఖ్యం, ఆ ఎడం పెరుగుతోందా సమానంగా ఉందా అన్నది అంత ముఖ్యం కాదని కొందరు తేల్చారు. కొత్త సూత్రం వచ్చిందని పాత యాప్ మానేసి పరుగెత్తేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకుంటే మంచిదని నాకనిపిస్తుంది. ఒకేరోజు రుబ్బడానికీ, రోజులు విడదీసి చూడటానికీ మధ్య ఉన్న తేడా కొండంత. ఒక సూత్రానికీ ఇంకో సూత్రానికీ మధ్య తేడా అంత కాదు.

రోజుకు 20 కొత్త మాటలంటే ఎంత పని?

ఆంకీ తెరవగానే ఉండే అమరిక రోజుకు 20 కొత్త కార్డులు. వినడానికి తక్కువే. పైన చూసిన విరామాలతోనే లెక్క వేద్దాం, ఒక్క తప్పు కూడా లేదనుకుని.

రెండు నెలలు దాటాక, ఐదు నెలల లోపు ఏ రోజు చూసినా, నిన్న నేర్చినవి 20, వారం కిందటివి 20, 22 రోజుల కిందటివి 20, 60 రోజుల కిందటివి 20 వచ్చి నిలబడతాయి. 80 పాతవి, 20 కొత్తవి. కార్డుకు 10 సెకన్లు చొప్పున 1000 సెకన్లు, దాదాపు 17 నిమిషాలు. ఇటాలియన్ నుంచి తెలుగుకూ, తెలుగు నుంచి ఇటాలియన్‌కూ రెండు వైపులా పెట్టుకుంటే 34 నిమిషాలు. తప్పులు కలిపితే ఇంకా ఎక్కువ. పండక్కి ఊరెళ్లి పది రోజులు తెరవలేదనుకోండి, ఒక వైపు కార్డులే 500 దాటి పేరుకుంటాయి. చాలామంది వదిలేసేది సరిగ్గా ఇక్కడే. వాళ్లకు జ్ఞాపకశక్తి లేక కాదు, బాకీ చూసి గుండె జారి.

అదే రోజుకు 5 కొత్తవైతే 20 పాతవి, 5 కొత్తవి. నాలుగైదు నిమిషాల పని. ఏడాదికి 1825 మాటలు. ఈ అంకె ఎందుకు చిన్నది కాదో కాసేపట్లో తెలుస్తుంది.

కొన్ని కార్డులు ఎన్నిసార్లు చూసినా తప్పుతూనే ఉంటాయి. ఆంకీ వాడేవాళ్లు వీటిని జలగలంటారు. మామూలు అమరికలో ఒక కార్డు 8 సార్లు తప్పితే, యాప్ దానికి జలగ అని ముద్ర వేస్తుంది. జలగలు ఒంటరిగా పుట్టవు, జంటగా పుడతాయి. సెస్సాంతా అంటే 60, సెత్తాంతా అంటే 70. రెండూ ఒకేరోజు నేర్చుకుంటే సంతలో ధర విన్నప్పుడల్లా తికమకే. కుడి, ఎడమ, వారాల పేర్లు, రంగులు ఇలా ఒకే కోవ మాటల్ని ఒక్కసారిగా నేర్చుకుంటే ఒకదానికొకటి అడ్డుపడతాయని 1990లలోనే పరిశోధనలు చూపించాయి. అయినా పాఠ్యపుస్తకాలూ, తయారుగా దొరికే కార్డుల కట్టలూ మాటల్ని అలా గుంపులు కట్టే ఇస్తున్నాయి. ముందు సెస్సాంతా బాగా నాటుకున్నాక, నెల తర్వాత సెత్తాంతా తెచ్చుకోవడం జలగకు ఉప్పు చల్లడం లాంటిది.

ముందు ఏ మాటలు?

ఇటాలియన్‌కు ఈ విషయంలో ఒక అదృష్టం ఉంది. తుల్లియో దె మౌరో అనే భాషావేత్త 1980లో ఇటాలియన్ మూల పదావళి అని ఒక జాబితా తయారుచేశాడు. 2016లో దాన్ని కొత్తగా సవరించి ఇచ్చాడు. సుమారు 7000 మాటలు, మూడు పొరలు. మొదటి పొరలో 2000 మౌలిక పదాలు. ఏ ఇటాలియన్ రాత తీసుకున్నా అందులోని మాటల్లో దాదాపు 86 శాతం ఇవే. రెండో పొర సుమారు 3000 మాటలు, ఇవి కలిపేది మరో 6 శాతమే. మూడో పొర విచిత్రమైంది. రాతలో అరుదుగా కనబడినా, ఇంట్లో అందరి నోటా ఉండే మాటలు: ఫోర్కు, దువ్వెన లాంటివి.

రోజుకు 5 చొప్పున ఏడాదికి 1825 అంటే దాదాపు ఆ మొదటి పొర అంతా.

కానీ 86 శాతం మాటలు తెలిస్తే 86 శాతం అర్థమవుతుందని అనుకోవద్దు. తెలుగులోనే చూడండి: 'నిన్న మా —— ఊళ్లో లేడు కాబట్టి —— నేనే కట్టాను.' పదిలోపు మాటల్లో రెండే లేవు. మామయ్య కరెంటు బిల్లా, యజమాని గేదెనా, ఎవరికి తెలుసు? కథ ఆ ఖాళీల్లోనే ఉంది. తరచుగా వచ్చేవన్నీ విభక్తుల్లాంటివీ, అతుకుమాటలూ. సాయం లేకుండా ఒక కథ చదివి అర్థం చేసుకోవాలంటే 98 శాతం దాకా మాటలు తెలిసి ఉండాలని 2000లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. మౌలిక పదాలు గుమ్మం దాకా తీసుకొస్తాయి. లోపలికి వెళ్లాక ఏ గదిలో ఏముందో చదువు, వంట, ఆఫీసు, ఇలా మన బతుకుని బట్టి ఏరుకోవాలి.

కార్డు వెనక ఇంగ్లీషా, తెలుగా?

తయారుగా దొరికే కార్డుల కట్టలన్నీ దాదాపు ఇంగ్లీషు అర్థాలతోనే ఉంటాయి. మనవాళ్లు కూడా అవే దించుకుంటారు. నా దృష్టిలో తెలుగువాళ్లు పోగొట్టుకునేది ఎక్కువగా ఇక్కడే.

పియాచేరే అన్న క్రియ తీసుకోండి. ఇంగ్లీషు కార్డు వెనక 'టు లైక్' అని ఉంటుంది. దాన్ని పట్టుకుని 'నేను ఇష్టపడతాను' అని కట్టబోతే 'ఇయో పియాచ్చో' అవుతుంది. దానికి అర్థం 'నేను నచ్చుతాను'. ఇంగ్లీషు దారిలో వచ్చేవాళ్లు నెలలతరబడి తడబడే చోటు ఇది. తెలుగులో రాసి చూడండి.

మి పియాచే ఇల్ కాఫ్ఫే: నాకు కాఫీ నచ్చుతుంది.
మి పియాచ్చోనో ఇ లిబ్రి: నాకు పుస్తకాలు నచ్చుతాయి.

'మి' అంటే 'నాకు'. కాఫీ ఒకటి కాబట్టి నచ్చుతుంది, పుస్తకాలు చాలా కాబట్టి నచ్చుతాయి. క్రియ మారేది నచ్చిన వస్తువును బట్టే, నచ్చిన మనిషిని బట్టి కాదు. వాక్యం కీలుకు కీలు కలిసింది. వ్యాకరణ పాఠం అక్కర్లేకుండా 'నచ్చు' అన్న ఒక్క తెలుగు మాట పని పూర్తిచేసింది.

క్రియలన్నిటికీ ఇదే మేలు. 'వెళ్తాను' అన్న ఒక్క మాటలోనే వెళ్లేది నేనని తెలుస్తుంది. 'వాదో' కూడా అంతే. 'వెళ్తాం' అంటే 'అందియామో'. ఇంగ్లీషులో 'గో' అన్న ముద్దకు ముందు నేను, మేము తగిలించాలి. తెలుగు, ఇటాలియన్ రెండూ ఆ పని క్రియ చివరే చేసేస్తాయి. 'వెళ్లడం అందారే' అని ఒక్క కార్డు పెట్టుకున్నవాళ్లకు వాక్యంలో 'వాదో' వినబడితే, అది అందారే బిడ్డేనని పోల్చుకోలేరు. 'వెళ్తాను', 'వెళ్తావు', 'వెళ్తాం' అని విడి కార్డులు పెట్టుకుంటే ఆ బాధ లేదు.

అర్థాలు గుర్తుండటానికి కూడా మన ఇంట్లోనే పెట్టుబడి ఉంది. ఇటాలియన్ లాటిన్ బిడ్డ. లాటిన్, సంస్కృతం ఒకే కుటుంబం. తెలుగు ద్రావిడ భాషే అయినా తత్సమాల రూపంలో ఆ ఆస్తి మన నోట్లోకి వచ్చి చేరింది. నావే అంటే ఓడ, మన నావ. దెంతే అంటే పన్ను, మన దంతం. నోమే అంటే పేరు, మన నామం. జినోక్కియో అంటే మోకాలు, మన జానువు. సెత్తే ఏడు, సప్త. నోవే తొమ్మిది, నవ. ఇవి పోలికలు అనిపించే యాదృచ్ఛికాలు కావు, నిజంగా ఒకే వేరు మాటలు. ఇలాంటి కార్డు ఒకటి రెండుసార్లు చూస్తే చాలు, నెలల దూరం జరిగిపోతుంది.

బంధుత్వం లేని చోట కూడా శబ్దాన్ని కొక్కెంగా వాడుకోవచ్చు. బుర్రో అంటే వెన్న. బుర్రకు వెన్న రాసుకున్న మనిషిని ఒక్కసారి ఊహించుకుంటే ఆ మాట ఇక పోదు. ఈ కొక్కెం పద్ధతిని 1975లోనే రిచర్డ్ అట్కిన్సన్, మైకేల్ రా రష్యన్ మాటలమీద పరీక్షించి, పనిచేస్తుందని చూపించారు.

తెలుగు పెట్టడంలో చిక్కులు లేకపోలేదు. నిపోతే అన్న మాటకు తెలుగేమిటి? మనవడు, మనవరాలు, మేనల్లుడు, మేనకోడలు, అన్న కొడుకు, అక్క కూతురు అందరూ నిపోతేలే. ఇటాలియన్ నుంచి తెలుగుకు వచ్చే కార్డులో ఇన్ని జవాబులు రాస్తే ఏది చెబితే సరైనట్టు? తెలుగు నుంచి ఇటాలియన్‌కు వెళ్లే కార్డులైతే చిక్కే లేదు. మనవడు: నిపోతే. మేనకోడలు: నిపోతే. ప్రతి ప్రశ్నకూ ఒకే జవాబు. ఫ్రతెల్లో కూడా ఇంతే, అన్నా అదే, తమ్ముడూ అదే. మనం, మేము రెండూ నోయ్. మనకు రెండున్నచోట వాళ్లకు ఒకటే ఉంటే దిశ మార్చడమే విరుగుడు.

ఇంగ్లీషును పూర్తిగా తోసేయడం కూడా సరికాదు. స్టేషన్ అంటే స్తత్సియోనే, నేషన్ అంటే నత్సియోనే. ఇలా ఇంగ్లీషులో లాటిన్ మూలం ఉన్న వేల మాటలు దాదాపు ఉచితంగా వస్తాయి. కాకపోతే అదే దారిలో గోతులున్నాయి. కామెరా అంటే గది. ఫత్తొరీయా అంటే ఫ్యాక్టరీ కాదు, వ్యవసాయ క్షేత్రం. లిబ్రెరీయా పుస్తకాల కొట్టు. పరెంతి బంధువులు, తల్లిదండ్రులు జెనితోరి. కాల్దో అంటే వేడి. కుళాయి మీద ఆ మాట చూసి చల్లనీళ్లనుకుని చెయ్యి పెడితే కాలుతుంది. ఈ గోతి మాటలకు మాత్రం తెలుగు అర్థమే రాసుకోవడం క్షేమం. అసలు ఏ అనువాదమూ వద్దు, బొమ్మే పెట్టాలనే వాదన కూడా ఉంది. తాళంచెవికి, గుడ్డుకు బొమ్మ బాగానే పనిచేస్తుంది. 'అయినా', 'ఇంకా', 'కాబట్టి'లకు బొమ్మ ఎలా గీస్తాం?

ఒక్క అక్షరం తగ్గిన కార్డు

'కియావే, తాళంచెవి' అన్న కార్డు చూడటానికి బాగానే ఉంటుంది. కానీ అందులో సగం మాటే ఉంది. ఇటాలియన్‌లో తాళంచెవి స్త్రీలింగం, లా కియావే. పాలు పుంలింగం, ఇల్ లాత్తే. రాత్రి స్త్రీలింగం, లా నోత్తే. మూడూ 'ఏ'తోనే ముగుస్తున్నాయి, చివర చూసి లింగం చెప్పలేం. మనకు ఇవన్నీ 'అది'లే కాబట్టి మన మనసు ఆ తేడా అడగనే అడగదు. కార్డే అడగాలి. ఇల్, లా అన్నవి మాటలో భాగమన్నట్టే రాసుకోకపోతే, మూడు నెలల తర్వాత 600 మాటలకు మళ్లీ మొదటినుంచి లింగం నేర్చుకోవాల్సి వస్తుంది. చివర 'ఓ' ఉన్నా లా మానో అంటే చెయ్యి, స్త్రీలింగం. 'ఆ' ఉన్నా ఇల్ ప్రొబ్లేమా పుంలింగం.

చెవి విషయంలో తెలుగువాళ్లకు వరమే. తెలుగును తూర్పు దేశపు ఇటాలియన్ అన్న పొగడ్త మనం తరచూ వింటుంటాం. రెండూ అజంత భాషలు, మాటలు అచ్చులతో ముగుస్తాయి. నాకు అంతకంటే పెద్ద పోలికగా కనబడేది ఒత్తు. కల వేరు, కల్ల వేరు. గడి వేరు, గడ్డి వేరు. అలాగే నోనో అంటే తొమ్మిదో, నోన్నో అంటే తాతయ్య. కాసా ఇల్లు, కాస్సా డబ్బు కట్టే కౌంటర్. కపేల్లో వెంట్రుక, కప్పేల్లో టోపీ. ఇంగ్లీషు మాతృభాషైనవాళ్లు ఈ ఒత్తు వినడానికే కష్టపడతారు, మనకు పసితనం నుంచే తెలుసు. వాళ్ల 'టి', 'డి' అక్షరాలు కూడా మన త, దలే. పిల్లి గాత్తో, గాట్టో కాదు. గ్రాత్సియే, పీత్సా లాంటి మాటల్లోని ధ్వని చాప, చలి అన్నప్పుడు మన నోట పలికే దంత్య చకారమే.

కష్టమంతా ఊనిక దగ్గర, అంటే మాటలో ఏ అక్షరాన్ని నొక్కి పలకాలన్న దగ్గర. మొదటి అక్షరం నొక్కి పలికితే ఆన్కొరా, ఓడ లంగరు. రెండోది నొక్కితే అన్కోరా, 'ఇంకా'. మామూలు రాతలో రెండింటికీ ఒకే స్పెల్లింగు. పాపా పోప్, చివర నొక్కితే నాన్న. ఇది కంటితో రాదు. అందుకే శబ్దం లేని ఇటాలియన్ కార్డు అరకార్డు. కాగితం కార్డుకన్నా ఫోన్ కార్డు నిజంగా గెలిచేది ఇక్కడే: స్థానికుల గొంతు తగిలించుకోవచ్చు.

కార్డుల్ని కాదనేవాళ్ల వాదన

భాషను పదాల కట్టగా నేర్చుకోలేమన్నది పాత అభ్యంతరమే. అర్థమయ్యే స్థాయిలో విరివిగా వినడం, చదవడం వల్లే భాష అబ్బుతుందని భాషావేత్త స్టీఫెన్ క్రాషెన్ 1980ల నుంచీ చెబుతున్నాడు. ఈ పక్షంవాళ్ల వాదనలో బలముంది. తరచుగా వచ్చే మాటలు చదువుతూ ఉంటే వాటంతటవే మళ్లీ మళ్లీ ఎదురవుతుంటాయి, వాటికి వేరే యంత్రం ఎందుకు? పైగా ఒక మాట ఎవరితో, ఎప్పుడు, ఏ గొంతుతో అంటారో కార్డు చెప్పదు. ఆల్త్రో కథ అదే.

అటువైపు పక్షం అడిగేదీ న్యాయమైన ప్రశ్నే. 300 మాటలు వచ్చినవాడికి 'అర్థమయ్యే' పుస్తకం ఎక్కడ దొరుకుతుంది? అరుదైన మాట చదువులో మళ్లీ ఎదురయ్యేసరికి నెలలు పట్టవచ్చు, అంతలో మరుపు మింగేస్తుంది. కార్డు ఆ మధ్యకాలాన్ని దాటిస్తుంది.

పద బోధన మీద జీవితకాలం పనిచేసిన పాల్ నేషన్ మధ్యేమార్గం చెప్పాడు. భాషా సాధన నాలుగు పాయలు: ఒకటి, అర్థం కోసం వినడం, చదవడం; రెండు, అర్థం చెప్పడానికి మాట్లాడటం, రాయడం; మూడు, భాషనే పరిశీలించి నేర్చుకోవడం; నాలుగు, వచ్చినదాన్ని ధారగా వాడటం. నాలుగింటికీ సమాన సమయం ఇవ్వాలన్నాడు. కార్డులు మూడో పాయలో ఒక భాగం. అంటే రోజుకు గంట కేటాయిస్తే, వ్యాకరణంతో కలిపి పావుగంట. గంటంతా కార్డులే తిప్పి మాట్లాడటం రాలేదని బాధపడేవాళ్లు మిగతా మూడు పాయల్నీ ఎండగట్టినట్టే.

ఒంటి మాట కార్డా, వాక్యం కార్డా అన్న వాదన కూడా ఇందులోంచే పుట్టింది. ఒంటి మాట త్వరగా అయిపోతుంది. గుడ్డు, తాళంచెవి, మోకాలు లాంటివాటికి అది చాలు. వాక్యం నెమ్మది, పైగా వాక్యం ఆకారాన్ని బట్టి జవాబు ఊహించేసే ప్రమాదముంది. అయినా పియాచేరే, ఆల్త్రో లాంటి మాటలకు వాక్యం లేకపోతే అర్థమే లేదు. తయారు కట్టలకూ, సొంతంగా రాసుకున్నవాటికీ మధ్య తేడా కూడా ఇలాగే. తయారు కట్ట సమయం మిగులుస్తుంది. సొంత కార్డు రాసేటప్పుడు ఆ మాట ఎక్కడ విన్నామో, ఎవరు అన్నారో దానివెంటే వస్తుంది.

ఆ సాయంత్రం మా మేనకోడలు పాత ఆల్త్రో కార్డు తీసేసి కొత్తది చేసింది. ముందువైపు అక్షరాలు లేవు, తన ఇటాలియన్ రూమ్మేట్ గొంతుతో ఒక్క 'ఆల్త్రో?'. కింద తెలుగులో చిన్న సూచన: కౌంటర్ దగ్గర, కాఫీ చెప్పాక. వెనకవైపు 'ఇంకేమైనా కావాలా?', దాని కింద తను ఇవ్వాల్సిన జవాబు: 'నో, బాస్తా కొజీ, గ్రాత్సియే.' వద్దండీ, ఇక చాలు, థాంక్స్.

మొన్న చెప్పింది, ఆ కార్డు మళ్లీ కనబడేది నాలుగు నెలల తర్వాతని యాప్ చూపిస్తోందట. ఆ కొట్టుకు తను రోజూ వెళ్తుందన్న సంగతి యాప్‌కు తెలియదు.